పాత భవంతి కొనే ముందు ఒక వానాకాలం చూడండి

పోయిన నెల మా చెల్లెలి కొడుకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. మాల్ అనే ఊరు దాటాక కొంత లోపలికి ఉన్న ఊళ్లో పాత భవంతి. ముందు రెండు రాతి అరుగులు, మధ్యలో ఏనుగు పట్టేంత దర్వాజ, పైన సగం కూలిన పిట్టగోడ. "పెద్దమ్మా, ఐదు గుంటల జాగా, పన్నెండు టేకు స్తంభాలు ఉన్నయి. రేటు కూడా మనకు అందేటట్టే ఉంది. ఆదివారం బయానా ఇచ్చేయనా?" అని అడిగాడు.

ఇవ్వొద్దురా, ముందు ఒక్క వానాకాలం చూడు అన్నాను. మిగతావి ఫోన్లో చెప్తే ఒక చెవిన విని ఒక చెవిన వదిలేస్తాడని ఇట్లా కూర్చొని రాస్తున్నాను. నల్గొండ, పాలమూరు పల్లెల్లో పాత ఇండ్ల కోసం ఇప్పుడు చాలామంది తిరుగుతున్నారు. వాళ్లకూ అక్కరకొస్తుంది.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్ల కింద నేనూ మా ఆయనా దేవరకొండ వైపు మా సొంత ఊళ్లోనే పాత పట్వారీ, అంటే ఊరి భూముల లెక్కలు రాసే ఆయన, ఇల్లు కొన్నాం. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక ఆ కుటుంబం ఒక్కొక్కరుగా పట్నం చేరింది. ఇల్లు గబ్బిలాల పాలైంది. దాన్ని మళ్లీ మనుషులుండే ఇల్లు చేయడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది పూర్తిగా వృథా అయింది. ఎందుకో కిందకు చెప్తాను.

ఎండాకాలంలో చూస్తే ప్రతి పాత ఇల్లూ గట్టిగానే కనిపిస్తుంది. రెండున్నర అడుగుల మందం గోడలు, లోపల చల్లగా, బయట నలభై నాలుగు డిగ్రీలు. మనసు పడిపోతుంది. అందుకే అప్పుడు చూడొద్దు. జులైలోనో ఆగస్టులోనో ముసురు పట్టిన రోజు గొడుగేసుకొని వెళ్లండి. అమ్మేవాళ్లు తాళం చెవి ఇవ్వకపోతే బయటి నుంచే చుట్టూ తిరగండి. వాన పడుతుండగా నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నదొక్కటే ఆ రోజు మీరు తెలుసుకోవాల్సింది.

ముందు వీధి చూడండి. మన ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వరు, దాని మీదే పోస్తారు. అట్లా రెండు మూడు సార్లు పోసేసరికి రోడ్డు ఎత్తై పాత ఇంటి కడప కిందికి పడిపోయింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నామంటే వీధి నీళ్లన్నీ ఆ ఇంటివే. తర్వాత లోపలి వాకిలి. నాలుగు దిక్కుల చూరు నీళ్లు ఆ నడిమి వాకిట్లోనే పడతాయి. అక్కడి నుంచి గోడ కింద తూము గుండా బయటికి పోవాలి. రోడ్డు ఎత్తైతే ఆ తూము మూసుకుపోతుంది. వాకిలి చెరువవుతుంది. నీళ్లు పునాదిలోకి దిగుతాయి. మా ఇంట్లో ఈశాన్యం మూల గోడ పగలడానికి కారణం అదే. కింద ఉన్నది మట్టితో కట్టిన బండరాళ్ల పునాది. మట్టి నాని కరిగితే రాయి కూర్చుంటుంది.

మూడోది గోడ మీది తడి గీత. నేల నుంచి తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో సుద్దముక్కతో గీత గీసి, తేదీ వేసి ఫోటో తీసుకోండి. నెల తర్వాత వెళ్లి మళ్లీ చూడండి. మోకాలి దాకా ఉంటే భయం లేదు, నీళ్లు మళ్లిస్తే తగ్గుతుంది. నడుము దాటితే ఆ గోడ కథ వేరే.

ఇంక కట్టె. స్తంభాలు నున్నగా, నల్లగా మెరుస్తుంటే అందరూ వాటినే చూస్తారు. స్తంభం చెడిపోవడం తక్కువ. చెడిపోయేది గోడలోకి పోయిన దూలం కొస. గోడ తడి పీల్చి అక్కడే పుచ్చుతుంది, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. నిచ్చెనేసుకొని పైకెక్కి, దూలం గోడను తాకే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మంచి టేకు అయితే మొన దిగదు, గీత పడుతుందంతే. పుచ్చిన చోట వెన్నలో దిగినట్టు రెండంగుళాలు దిగుతుంది. చిన్న సుత్తితో కొడితే కూడా తెలుస్తుంది. గట్టి దూలం ఖణేల్మంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. మా ఇంట్లో పద్నాలుగు దూలాలకు ఇరవై ఎనిమిది కొసలు చూస్తే ఐదు పోయాయి. దూలం మొత్తం మార్చాల్సిన పని లేదు. కింద జాకీలు నిలబెట్టి, పుచ్చిన కొస వరకు ఏటవాలుగా కోసి, పాత టేకు ముక్కే అతికి, ఇత్తడి మేకులు, బోల్టులు వేయించాం. మా వడ్ల ఆయన ఒక్కో కొసకు రెండు రోజులు తీసుకున్నాడు. ఆ అతుకు ఎక్కడుందో ఇప్పుడు నేను కూడా వెతుక్కోవాలి.

మిద్దె ఇల్లైతే పైకెక్కి మట్టి మందం కొలవండి. దూలాలు, వాటి మీద దంతెలు అనే అడ్డకట్టెలు, ఆ పైన చెక్కలు, దాని మీద మట్టి, పైన సౌడు అనే చవుడు మట్టి. మృగశిర కార్తె రాకముందే ఏటా సౌడు పరిచేవాళ్లు, ఉరవకుండా. పాతది తీయకుండా కొత్తది వేస్తూ పోయారు కాబట్టి మందం పెరుగుతూ వచ్చింది. మా మిద్దె మీద అడుగున్నర ఉంది. ఒక చదరపు మీటరు జాగాలో అడుగు మందం మట్టి ఎండినప్పుడే దాదాపు అర టన్ను తూగుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. దూలాలు వంగడానికి వయసు కాదు, ఈ బరువు కారణం. ఆ మట్టి దించేటప్పుడు ఒక వైపే దించకండి. రెండు వైపుల నుంచి సమానంగా, మధ్యకు వస్తూ దించాలి.

పెంకుటిల్లైతే కోతుల లెక్క కూడా చూసుకోండి. మా పక్క ఊళ్లలో చాలామంది పెంకులు తీసి రేకులు వేసింది వానకు కాదు, కోతులకే. మేము పెంకుల మీద ఇనుప జాలీ పరిచి కట్టాం. చూడటానికి అందంగా ఉండదు, ఇల్లు మాత్రం నిలబడింది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. లోపలి నేల, ముఖ్యంగా దేవుని అర్ర, స్తంభాల మొదళ్లు, గోడల్లో గూళ్లు జాగ్రత్తగా చూడండి. పాత ఇల్లు ఖాళీగా ఉందంటే లంకెబిందెల కోసం తవ్వేవాళ్లు రాత్రిపూట వస్తారు. మా ఇంట్లో మూడు చోట్ల గచ్చు పగలగొట్టి మళ్లీ మట్టి కప్పేశారు. ఒక గొయ్యి సరిగ్గా స్తంభం పక్కనే, మూడడుగుల లోతు. ఆ స్తంభం కింది రాయి పక్కకు ఒరిగింది. బంగారం సంగతి పక్కన పెట్టండి, నిధి దొరికినా అది మనది కాదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినదైతే కలెక్టరుకు చెప్పాల్సిందే. ఆ గోతులు మాత్రం మన ఖర్చులోకే వస్తాయి.

కాగితాల సంగతి

నాకు రాతి పని కంటే ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. పల్లెలో పాత ఇల్లు సాధారణంగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్ల కోసం వదిలిన జాగాలో ఉంటుంది. పొలాల రికార్డైన పహాణీలో దానికి పేరుండదు. పంచాయతీ ఇంటి నంబరు, ఇంటి పన్ను రశీదులు, వాళ్లింట్లో ఉన్న పాత దస్తావేజులు, ఇవే ఆధారం. సర్కారు భూభారతి వెబ్‌సైట్‌లో వెతికితే దొరకదు, అది వ్యవసాయ భూములకు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి, ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం అది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకే పోయి పాత పుస్తకాలు వెతికించాలి, వెతికించండి కూడా.

దస్తావేజు ఉర్దూలో ఉంటే దూరం పెట్టకండి. నిజాం కాలంలో కచేరీ భాష అదే. దాని మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఒక ఏడాది అటూఇటుగా. మా ఇంటి కాగితం మీద 1339 ఫస్లీ అని ఉంది, అంటే సుమారు 1929. చదివించడానికి దేవరకొండలో ఒక రిటైర్డు ఉర్దూ సారు దొరికాడు. ఇంటికి నాలుగు హద్దులు ఆయన చదువుతుంటే నేను వాకిట్లో నిలబడి ఒక్కొక్కటి చూసుకున్నాను. పడమటి హద్దు అని రాసిన బావి ఇప్పుడు పక్కింటి కాంపౌండులో ఉంది. ఆ సంగతి మాకు కొనకముందే తెలిసింది కాబట్టి బావి లేకుండా ధర మాట్లాడుకున్నాం.

అన్నిటికంటే ముఖ్యం వారసుల సంతకాలు. పాత ఇల్లు అంటే పాలివాళ్లు, అంటే వాటాదారులు, నలుగురైదుగురు ఉంటారు. "అన్నదమ్ములం ముగ్గురం ఒప్పుకున్నాం" అంటారు. అక్కాచెల్లెళ్ల మాట ఎత్తరు. మీరే ఎత్తండి. పిత్రార్జితం ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమాన హక్కు 2005 సెప్టెంబర్ 9 నుంచి ఉంది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇంకా ముందే ఈ హక్కు వచ్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే ఆ కాగితం చూపించమనండి. లేకపోతే ఆడబిడ్డలందరూ సబ్ రిజిస్ట్రార్ ముందుకు రావాలి. మా ఇంటికి ఏడు సంతకాలు. ఏడో ఆమె బళ్లారిలో ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. ఆమెను తీసుకురావడానికి మేము నాలుగు నెలలు ఆగాం. ఆమె వచ్చి దర్వాజ పట్టుకొని కాసేపు నిలబడి, తర్వాత సంతకం పెట్టింది. తొందరపడి ఆమె లేకుండా చేసుకుంటే ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు. విదేశాల్లో ఉన్నవాళ్లు తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తూ జీపీఏ పంపితే అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు కట్టించాలి. సాదా బైనామా మీద, అంటే రిజిస్టరు కాని తెల్లకాగితపు అమ్మకం మీద మాత్రం పైసా ఇవ్వకండి.

రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 2021 జులై నుంచి 7.5 శాతం. అది ముందే పక్కన పెట్టుకోండి. గ్రామకంఠం ఇంటికి మా బ్యాంకు లోను ఇవ్వలేదు, కాబట్టి డబ్బు విషయంలో లోను మీద ఆశ పెట్టుకోవద్దనే చెప్తాను. అలంపురం లాంటి చోట కొంటున్నట్టయితే ఇంకో మాట. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త కట్టడం కుదరదు, మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆ తర్వాతి రెండు వందల మీటర్లలో కూడా అనుమతి తీసుకొనే కట్టాలి.

బయానా ఇచ్చే రోజు అగ్రిమెంటులో సామాను జాబితా రాయించండి. స్తంభాలు ఎన్ని, దర్వాజలు ఎన్ని, కిటికీలు, దూలాలు, రాతి తొట్టి, రోలు, ఇసుర్రాయి, ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఫోటోల వెనక రెండు వైపుల సంతకాలు. పాత టేకు కొనే వ్యాపారులు ఊళ్లు తిరుగుతుంటారు. బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య మాకు చెక్కిన దర్వాజ ఒకటి మాయమైంది. జాబితాలో ఉంది కాబట్టి దాని డబ్బు తగ్గించుకున్నారు, కానీ దర్వాజ పోయింది పోయినట్టే. ఆ కంత ఇప్పటికీ నాకు బోసిగా కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే వరుస

ముందు నీళ్లు, తర్వాత కప్పు, ఆ తర్వాతే గోడలు. రంగులు, టైల్సు, లైట్లు అన్నీ చివరికి. మేము ఈ వరుస తప్పాం. మొదటి ఏడాది ఇల్లు త్వరగా కళకళలాడాలని పడమటి అర్ర లోపల పాత సున్నం చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. మేస్త్రి మంచివాడే, కొత్త ఇండ్లు కట్టి అలవాటైన చెయ్యి. పని అద్దంలా వచ్చింది. రెండు వానాకాలాలు కూడా ఆగలేదు. నడుము ఎత్తున ప్లాస్టరు ఉబ్బింది, తెల్లటి ఉప్పు పొంగింది. రూపాయి బిళ్లతో తడితే డొల్లగా మోగింది. వేలు పెట్టి లాగితే చపాతీలా ఊడి వచ్చింది, వెనక రాళ్ల మధ్య మట్టి బురదగా ఉంది.

కారణం తెలిశాక తేలికగానే అర్థమైంది. పాత గోడకు కింద తడి ఆపే పొర ఉండదు. నేల తడి దీపపు వత్తిలో నూనెలా పైకెక్కుతుంది. సున్నం పూత ఆ తడిని బయటికి ఆరనిస్తుంది. సిమెంటు ఆరనివ్వదు. లోపలే నిలిచిన తడి ఇంకా పైకెక్కి, చివరకు దూలం కొసను చేరుతుంది. అందుకే చెప్తున్నాను, పాత గోడకు సిమెంటు తగలనీయకండి, లోపలా బయటా కూడా. ఆయిల్ పెయింటూ వద్దు.

మా పాత ఉమ్మడి నల్గొండ జిల్లాలో సున్నపురాయి కొరత లేదు. హుజూర్‌నగర్, మట్టపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని కోసమే వచ్చాయి. కాల్చిన సున్నం దొరకడమే కష్టం. సంచుల్లో పొడి పొడిగా అమ్మేది తీసుకోవద్దు, అది గాలికే చచ్చిపోయిన సున్నం. గడ్డ కావాలి. కొనేముందు ఒక గడ్డను ఇనుప బకెట్లో నీళ్లలో వేయండి. కాసేపు ఊరుకుంటుంది, తర్వాత బుసకొట్టి, పగిలి, కుతకుతా ఉడుకుతుంది. బకెట్ పట్టుకోలేనంత వేడి. అది బతికున్న సున్నం. కళ్లకు అద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. చిటికెడు కంట్లో పడినా చూపు పోవచ్చు.

దాన్ని గుంతలో వేసి, మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఎప్పుడూ నిలిచేలా కనీసం నెల రోజులు నానబెట్టాలి. ఎంత నానితే అంత వెన్న. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన వాగు ఇసుక మొదటి పూతకు, పై పూతకు రెండు పాళ్లు. సున్నం రుబ్బే ఎద్దు గానుగ మాకు దొరకలేదు. ఇంటి వెనక రోట్లో కొంత, మిగతాది మిల్లరులో రుబ్బించాం. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపాం. పూత పలుచగా, ఒకటి కొంచెం గట్టిపడ్డాక ఇంకొకటి. తడి గోనెసంచులు వేలాడదీసి పది రోజులు ఆరనీయకుండా చూడాలి. సున్నం గట్టిపడేది గాలి పీల్చి, మెల్లగా. ఎండలో చేస్తే పైపైన ఎండి పొడి రాలుతుంది, వానలో చేస్తే కడుక్కుపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం.

మిద్దె మీద మట్టి దించాక మేము నాలుగంగుళాలు ఇటుక ముక్కలు, సున్నంతో గచ్చు పోయించాం. ఊరి ఆడవాళ్లు పన్నెండు మంది రెండు వరుసలుగా కూర్చొని కొయ్య పలకలతో దంచారు, వెనక్కి జరుగుతూ, కరక్కాయ నీళ్లు చల్లుకుంటూ. మొదటి రోజు పలక దెబ్బకు గుంత పడింది. నాలుగో రోజుకు పలక ఎగిరి వెనక్కి వచ్చింది. అప్పుడు ఆపమంది వాళ్లలో పెద్దామె. ఆమెకు చిన్నప్పుడు వాళ్ల అమ్మ వెంట వెళ్లి చేసిన పని గుర్తుంది. ఇంజనీర్‌ను పెట్టుకోండి, తప్పేం లేదు, కానీ ఇట్లాంటి మనిషిని ఊళ్లో వెతకండి ముందు.

మిగతావి పొట్టిగా. బాత్రూములు పాత గోడకు ఆనించకుండా పెరట్లో విడిగా కట్టుకోండి. కరెంటు వైర్లకు గోడలు చెక్కకుండా పైపుల్లో పైనుంచే తీయండి. గోడలో రావి మొక్క ఉంటే పీకకండి, రాయి ఊడి వస్తుంది. చిగురు వేసినప్పుడల్లా కోస్తూ, ఆ భాగం విప్పి కట్టేటప్పుడు వేరు తీయండి. వాకిటి తూముకు బయట, గోడకు దూరంగా ఇంకుడు గుంత తవ్వించండి. బోరు నీళ్లు తాగే ముందు ఫ్లోరైడ్ పరీక్ష తప్పదు, మన జిల్లా సంగతి తెలిసిందే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

దొరల గడీ, అంటే కోటలాంటి వాళ్ల ఇల్లు కొంటున్నట్టయితే ఊరివాళ్లతో ముందు మాట్లాడండి. 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటంలో నల్గొండ జిల్లాలో ఎన్నో గడీల దొరలు పట్నం పారిపోయారు. ఆ గోడల మధ్య వెట్టి చేసినవాళ్ల మనవలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. మా నాయనమ్మ ఈ పట్వారీ ఇంట్లో వడ్లు దంచేది. ముందు కడప ఎప్పుడూ దాటలేదు, వెనక దొడ్డి దర్వాజ నుంచే వచ్చి పోయేది. బాగుచేసేటప్పుడు ఆ దొడ్డి దర్వాజ మూసేసి అక్కడ కిటికీ పెడదామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఆ చిన్న దర్వాజ పాత కట్టెతోనే ఉంది. గచ్చు దంచిన ఆడవాళ్లను మాత్రం మొదటి రోజు నుంచీ ముందు దర్వాజ నుంచే రమ్మన్నాను, మధ్యాహ్నం పడసాలలోనే అన్నాలు తిన్నాం.

మా చెల్లెలి కొడుకు వానలు పడ్డాక రెండుసార్లు ఆ ఇంటికి పోయి వచ్చాడు. తూము మూసుకుపోయి ఉందట, తడి గీత మోకాలికి కొంచెం పైన. వచ్చే ఆదివారం నేనూ వెళ్తున్నాను. నిచ్చెన అక్కడ దొరుకుతుంది, టార్చి, స్క్రూడ్రైవర్, కొలత టేపు తీసుకురమ్మన్నాను. బయానా డబ్బులు ఇంట్లోనే పెట్టి రమ్మన్నాను. అమ్మేవాళ్ల మేనత్తలు ఎంతమందో ఇంకా తేలలేదు.